డిడక్టిబుల్ కట్టినవారికీ మాట ఉండాలి

అమెరికాలో ఎవరో వచ్చి మన కారును గుద్దితే, చాలామంది అవతలివారి బీమా కంపెనీ చుట్టూ తిరగకుండా సొంత కంపెనీలోనే క్లెయిమ్ వేస్తారు. రిపేరుకు 8,000 డాలర్లు అయిందనుకుందాం. డిడక్టిబుల్ కింద 1,000 డాలర్లు కారు యజమాని పెట్టుకుంటాడు, మిగతా 7,000 కంపెనీ కడుతుంది. కారు ఇంటికొచ్చాక యజమాని ఆ సంగతి మరిచిపోతాడు, కంపెనీ మాత్రం మరవదు. అతని స్థానంలో నిలబడి, తప్పు చేసిన డ్రైవరు కంపెనీ నుంచి ఆ డబ్బు అడుగుతుంది. ఈ హక్కు పేరు సబ్రొగేషన్. ప్రీమియం పుచ్చుకున్న కంపెనీకి మళ్లీ వసూలు చేసే హక్కేమిటని అడిగేవారున్నారు. ఆ హక్కు లేకపోతే తప్పు చేసినవాడు పైసా కట్టకుండా తప్పించుకుంటాడు, లేదా నష్టపోయినవాడు ఒకే నష్టానికి రెండు చోట్లా డబ్బు తీసుకుంటాడు. ఇంగ్లండులో 1883 నాటి కాస్టెల్లైన్ వర్సెస్ ప్రెస్టన్ కేసులో జరిగింది ఈ రెండోదే. అమ్మకానికి ఒప్పందం కుదిరిన ఇల్లు కొంత కాలింది. యజమాని బీమా సొమ్మూ తీసుకున్నాడు, కొన్నవారి నుంచి పూర్తి ధరా తీసుకున్నాడు. బీమా ఉన్నది నష్టం పూడ్చడానికే కానీ లాభం ఇవ్వడానికి కాదని కోర్టు ఆ సొమ్ము వెనక్కి ఇప్పించింది. కాబట్టి నాకు అభ్యంతరం వసూలు మీద కాదు, అది జరిగే తీరు మీద.

తప్పు ఎవరిది, ఎంత శాతం అన్న దగ్గర రెండు కంపెనీలకు కుదరకపోతే చాలా తగాదాలు కోర్టుకు వెళ్లవు. 1943లో మొదలై, ఇప్పుడు టాంపా కేంద్రంగా పనిచేస్తున్న ఆర్బిట్రేషన్ ఫోరమ్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ ముందుకు వెళతాయి. ఒప్పందం మీద సంతకం చేసిన కంపెనీలకు అక్కడి తీర్పే తీర్పు. పోలీసు రిపోర్టు, ఫొటోలు, వాంగ్మూలాలు, రిపేరు బిల్లు చూసి మధ్యవర్తి తేల్చేస్తాడు. ఆ మధ్యవర్తులు చాలావరకు సభ్య కంపెనీల ఉద్యోగులే కదా, న్యాయం ఎలా జరుగుతుందని సందేహం రావచ్చు. తగాదాలో ఉన్న కంపెనీ మనిషి ఆ కేసు చూడడు. పైగా ఇవాళ డబ్బు అడిగే కంపెనీయే రేపు ఇవ్వాల్సిన కంపెనీ కావచ్చు కనుక, ఒకవైపు మొగ్గితే ఎవరికీ ఒరిగేదేమీ లేదు. ఈ జవాబు సరైనదే, కానీ కంపెనీల వరకే. వేల కేసులున్నవారికి ఒక ఓటమి మరో గెలుపుతో సర్దుకుంటుంది. కారు యజమానికి ఉన్నది ఆ ఒక్క కేసే.

పై లెక్కలో యజమానిదీ 30 శాతం తప్పని తేలిందనుకోండి, వచ్చేది 5,600 డాలర్లు. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం కంపెనీ తన డిమాండులో డిడక్టిబుల్‌ను కలిపి అడగాలి, వచ్చినదాన్ని దామాషాలో పంచాలి. అంటే యజమానికి దక్కేది 700. ముందు పాలసీదారు నష్టం పూర్తిగా తీరాలనే సూత్రం వర్తిస్తే మొత్తం 1,000 అతనికే వస్తుంది. మన తెలుగువాళ్లు వేలాదిగా ఉండే వర్జీనియా, నార్త్ కరోలినాల్లో సంగతి ఇంకా కఠినం. అక్కడ నష్టపోయినవారి తప్పు కాస్తంత ఉందని తేలినా సాధారణంగా ఏమీ రాదు. అలాంటి చోట ఒక్క ఫొటో, ఒక్క సాక్షి మాట ఫలితాన్ని తిప్పేయగలవు. అయినా ఏ ఆధారాలు పెట్టాలో యజమానిని ఎవరూ అడగకపోవచ్చు.

ప్రతి యజమానినీ పిలిస్తే పని నత్తనడక నడుస్తుందని, చవకగా తేలే తగాదా ఖరీదవుతుందని కంపెనీలు అనవచ్చు. పిలవనక్కర్లేదు. ఫైలు పంపేముందు అందులో ఏమున్నాయో యజమానికి చూపించి, చేర్చాల్సినవి చేర్చనిచ్చి, తీర్పు ప్రతి ఒకటి ఇస్తే చాలు. ఇది ఒక్క ఈమెయిలు పని. ఆ పద్ధతి వచ్చేదాకా యజమానే జాగ్రత్తపడాలి. డాష్‌కామ్ వీడియో, సాక్షుల ఫోన్ నంబర్లు మొదటి రోజుల్లోనే తన క్లెయిమ్ చూసే అడ్జస్టర్‌కు పంపాలి. డిడక్టిబుల్ కూడా అడుగుతున్నారా అని రాతపూర్వకంగా తేల్చుకోవాలి. అవతలి డ్రైవరు చేతిలో కొంత డబ్బు పెట్టి ఇక ఏ హక్కూ లేదని రాసిమ్మంటే సంతకం చేయకూడదు. ఆ సంతకంతో కంపెనీ వసూలు హక్కు పోవచ్చు, పాలసీ షరతు తప్పినట్టూ కావచ్చు. కంపెనీ వసూలు జోలికే వెళ్లదలచుకోకపోతే ఆ ముక్క త్వరగా చెప్పించుకోవాలి. అప్పుడు స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో తన డిడక్టిబుల్ కోసం తానే అడగవచ్చు. అయితే ఆస్తి నష్టం దావాకు టెక్సస్‌లో గడువు రెండేళ్లు, కాలిఫోర్నియాలో మూడేళ్లు. కంపెనీ ఏదో చేస్తోందిలే అనుకుని ఊరుకున్నా ఆ గడువు ఆగదు.