టార్చిలైటు మార్చాలా, వద్దా?

రాత్రిపూట పొలానికి నీళ్లు కట్టడానికి వెళ్లేవారి ఇంట్లో టార్చిలైటు ఉండి తీరుతుంది. మా ఇంట్లోనూ ఒకటుంది. గట్టు మీద ఎండుటాకుల్లో రక్తపింజర పడుకొని ఉంటే, మనం అడుగు వేయకముందే దాన్ని చూపించవలసింది ఆ లైటే. కిందటి వానాకాలంలో అది మసకబారింది. "దీన్ని పారేసి రెట్టింపు ల్యూమెన్లది కొనండి మాస్టారూ" అని మా పదో తరగతి కుర్రవాడొకడు సలహా ఇచ్చాడు.

రెట్టింపు ల్యూమెన్లంటే రెట్టింపు వెలుగు కనిపిస్తుందా? కనిపించదు. ల్యూమెన్ అనేది లైటు నుండి వెలువడే మొత్తం కాంతికి కొలత. మన కన్ను ఆ లెక్కన చూడదు. కాంతి రెట్టింపైతే "కాస్త పెరిగింది" అంటుంది, అంతే. ఇక దూరం సంగతి చూడండి. దూరం రెండింతలైతే, పడే కాంతి నాలుగో వంతవుతుంది. కాబట్టి రెట్టింపు దూరం చూడాలంటే ఆ దిశలో కాంతి తీవ్రత నాలుగింతలు కావాలి. ఈ తీవ్రతను కాండెలాలలో కొలుస్తారు. అట్టపెట్టె మీద "100 మీటర్లు" అని ఉంటే, ప్రమాణం ప్రకారం కొలిచినదైతే, అక్కడ 0.25 లక్స్ కాంతి పడుతుందని అర్థం. అంటే సుమారు పున్నమి వెన్నెలంత! దీనికి 2,500 కాండెలాలు చాలు. 200 మీటర్లకైతే 10,000 కావాలి. అయినా నడిచేవాడికి ముఖ్యం ముందున్న ఐదారు గజాలే కదా?

మా లైటు మూత విప్పి చూస్తే స్ప్రింగు నిండా చిలుము. అక్కడ ఒక ఓమ్ నిరోధం పెరిగిందనుకోండి. అర ఆంపియరు కరెంటుకే అర వోల్టు అక్కడే పోతుంది. తెల్లని ఎల్.ఇ.డి. సరిగా వెలగాలంటే సుమారు 3 వోల్టులు కావాలి మరి. గరుకు కాగితంతో రుద్ది, కొత్త సెల్లులు వేశాను. వెలుగు తిరిగి వచ్చింది.

మా బావగారి చార్జింగు లైటు కథ వేరు. లోపల ఉన్నది సీసం-ఆమ్లం బ్యాటరీ. పూర్తిగా ఖాళీ అయ్యాక నెలల తరబడి అటక మీద పడేశారు. అలా వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. తరువాత ఎంత చార్జి చేసినా నిలవదు. పైగా దాని వెలుగు నీలంగా ఉంటుంది. తెల్లని ఎల్.ఇ.డి. నిజానికి నీలి ఎల్.ఇ.డి.యే. దానిపై పూసిన ఫాస్ఫరు కొంత నీలికాంతిని పసుపుగా మారుస్తుంది. (ఆ నీలి ఎల్.ఇ.డి. సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది.) చవక లైట్లలో ఎరుపు పాలు తక్కువ. గోధుమరంగు వస్తువు మట్టిలో కలిసిపోయినట్లుంటుంది.

ఇప్పుడు మీరొక పరీక్ష చేయండి. చీకటి పడ్డాక మీ వాకిట్లో ఎండుటాకులు పరచి, వాటిలో ఒక పాత కొబ్బరితాడు ముక్కను ఎక్కడో ఒకచోట పెట్టమని తమ్ముడికి చెప్పండి. (తాడును చూసి పామనుకోవడం వేదాంతుల ఉదాహరణ, మనది దానికి తిరగేసినది.) లైటు వేసి నెమ్మదిగా నడిచి రండి. తాడు కనిపించగానే ఆగి, ఇంకా ఎన్ని అడుగుల దూరం ఉందో లెక్కపెట్టండి. లైటు వేసిన వెంటనే ఒకసారి, అరగంట వెలిగించాక మరోసారి చూడాలి.

మా లైటుకు రెండుసార్లూ తొమ్మిది అడుగులు వచ్చింది. బావగారి లైటుకు మొదట ఏడు, అరగంట తరువాత రెండు. ఆ వారమే ఆయన కొత్తది కొన్నారు.