సీ డ్రైవ్ ఫుల్ అయిందా? వర్చువల్ మెషీన్ మింగేసిన జీబీలను ఇలా వెనక్కి తెచ్చుకోండి!

దర్శి: ప్రాజెక్ట్ సబ్మిషన్ దగ్గర పడింది. ల్యాప్‌టాప్ తెరిస్తే సీ డ్రైవ్‌పై ఎర్ర గీత. సినిమాలు, ఫొటోలు తీసేసినా నాలుగు రోజులకు మళ్లీ అదే కథ. దర్శి, పొదిలి వైపు నుంచి ఒంగోలు, మార్కాపురం వెళ్లి కంప్యూటర్ కోర్సులు చదివే విద్యార్థులకు ఈ తిప్పలు తెలిసినవే. ల్యాబ్ కోసం విండోస్‌లో వర్చువల్‌బాక్స్ వేసుకుని, అందులో ఉబుంటు నడుపుతుంటారు. 256 జీబీ ఎస్‌ఎస్‌డీలో విండోస్ చూపించేదే 238 జీబీ. అందులో వర్చువల్ మెషీన్ ఫైల్ ఒక్కటే 70 జీబీ లాగేస్తే ఇంకేం మిగులుతుంది?

విచిత్రం ఏంటంటే, ఉబుంటు లోపలికి వెళ్లి చూస్తే వాడింది 22 జీబీయే అని కనిపిస్తుంది. మరి మిగతా 48 జీబీ ఎటు పోయింది?

వర్చువల్ డిస్క్ అంటే బయటి విండోస్‌కు ఒక పెద్ద ఫైల్, అంతే. వర్చువల్‌బాక్స్‌లో దాని పేరు చివర వీడీఐ అని ఉంటుంది. లోపల డేటా పడేకొద్దీ ఇది పెరుగుతుంది. కానీ లోపల డిలీట్ చేస్తే దానంతటది తగ్గదు. ఎందుకంటే ఉబుంటు ఆ చోటు ఖాళీ అని తన లెక్కల్లో రాసుకుంటుంది తప్ప, పాత డేటాను చెరపదు. కౌలుదారు పొలం వదిలి వెళ్లిపోయినా అడంగల్‌లో పేరు మారనట్టే. బయటి వాళ్లకు ఆ పొలం ఇంకా సాగులోనే ఉన్నట్టు లెక్క.

చాలామంది ఇక్కడే విసిగిపోయి వీడీఐ ఫైల్‌నే డిలీట్ చేసేస్తారు. దాంతో పాటు నెలల తరబడి రాసిన కోడ్ కూడా పోతుంది. మళ్లీ ఉబుంటు దించాలంటే ఐదారు జీబీ. రోజుకు 1.5 జీబీ వచ్చే ఫోన్ ప్యాక్‌తో అది నాలుగు రోజుల పని!

ముందు ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను బయటకు కాపీ చేసుకోవాలి. మొత్తం వీడీఐనే పెన్‌డ్రైవ్‌లో దాచాలనుకుంటే, ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైల్‌ను తీసుకోదు. స్నాప్‌షాట్లు ఉంటే, అక్కర్లేనివి వర్చువల్‌బాక్స్ నుంచే తొలగించాలి. ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో తీసేస్తే మెషీన్ తెరుచుకోదు.

తర్వాత అసలు పని. లోపలి ఖాళీ చోటును సున్నాలతో నింపాలి. ఉబుంటులో అయితే డీడీ కమాండ్‌తో సున్నాల ఫైల్ ఒకటి డిస్క్ నిండేదాకా రాయించి, వెంటనే దాన్ని డిలీట్ చేస్తే చాలు. లోపల ఉన్నది కూడా విండోసే అయితే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఎస్‌డిలీట్ టూల్‌ను జెడ్ ఆప్షన్‌తో నడపాలి. సీ ఆప్షన్ వేరే పనికి, పొరపాటున దాన్ని వాడొద్దు. ఈ దశలో ఫైల్ కాసేపు ఇంకా ఉబ్బే అవకాశం ఉంది, కాబట్టి బయట కొంత చోటు ఖాళీగా ఉంచుకోవాలి.

ఇప్పుడు మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. సేవ్ చేసి మూసేస్తే సరిపోదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో వీబాక్స్‌మేనేజ్ టూల్‌ను మోడిఫైమీడియం కమాండ్, వీడీఐ ఫైల్ ఉన్న దారి, కాంపాక్ట్ ఆప్షన్‌తో నడిపితే, మొత్తం సున్నాలే ఉన్న బ్లాకులను అది తీసేస్తుంది. మధ్యలో ఆగకూడదు. కరెంటు పోయినా ఇబ్బంది లేకుండా బ్యాటరీ ఫుల్‌గా ఉన్నప్పుడే మొదలుపెట్టడం మేలు.

ఫైల్ సరిగ్గా 22 జీబీకి రాకపోవచ్చు. ఒక బ్లాకు 1 ఎంబీ. అందులో చిన్న ముక్క డేటా ఉన్నా ఆ బ్లాకు మొత్తం అలాగే ఉండిపోతుంది. గరిష్ఠ సైజు కూడా మారదు, 100 జీబీ అని పెట్టుకుంటే 100 జీబీయే. అసలు ఏమీ తగ్గలేదంటే, డిస్క్‌ను మొదట్లోనే ఫిక్స్‌డ్ సైజులో తయారు చేసి ఉంటారు. అప్పుడు డైనమిక్ పద్ధతిలో క్లోన్ చేసుకుని, అది తెరుచుకుంటోందని చూసుకున్నాకే పాతది తీసేయాలి.

వర్చువల్‌బాక్స్ లేకుండా డబ్ల్యూఎస్‌ఎల్‌2 వాడేవారికీ ఇదే సమస్య. వాళ్లు ముందు డబ్ల్యూఎస్‌ఎల్‌ను షట్‌డౌన్ చేసి, డిస్క్‌పార్ట్‌లో ఆ వీహెచ్‌డీఎక్స్ ఫైల్‌ను ఎంచుకుని కాంపాక్ట్ కమాండ్ ఇవ్వాలి.