అప్పులేని కాపురము

మహాభారతమున, అరణ్యపర్వమున, యక్షుడు ధర్మరాజును అనేక ప్రశ్నలడుగును. వానిలో ఒకటి: ఈ లోకమున సంతోషముగా నుండువాడెవడు? ధర్మరాజు చెప్పిన సమాధానములో మేడల మాట లేదు, సిరిసంపదల ప్రసక్తి లేదు. దినమున అయిదవ భాగమునందో ఆరవ భాగమునందో అయినను తన యింట కూరాకు వండుకొని తినుచు, ఒకరికి ఋణపడక, పరదేశమున పడియుండక కాలము గడుపువాడే సంతోషవంతుడని ఆయన బదులిచ్చెను. రాజ్యము పోగొట్టుకొని, పన్నెండేండ్ల అరణ్యవాసము ముగియవచ్చిన వేళ పలికిన మాట ఇది. రాబడి సమస్తమును కోల్పోయినవాడు సంతోషమునకు చెప్పిన లక్షణములలో ఋణము లేకుండుట ఒకటి యగుట గమనింపదగినది.

మనిషి రాబడి ఎల్లకాలము ఒక్కతీరుగా నుండదు. వాన మొగము చాటుచేసినను, కర్మాగారము మూతపడినను, సంపాదించు చేయి జబ్బుపడినను అది తగ్గిపోవును. అట్లు తగ్గిననాడు ఇంటి ఖర్చులు రెండు తెగలుగా విడిపోవును: వంగునవి, వంగనివి. రెండు కూరలకు బదులు ఒక కూర వండుకొనవచ్చును. కొత్తబట్టలు వచ్చే పండుగకు వాయిదా వేయవచ్చును. ప్రయాణములు మానుకొనవచ్చును. ఇవన్నియు వంగు ఖర్చులు. అప్పు వాయిదా మాత్రము వంగదు. జీతము ఆగినదని అది ఆగదు. పంట పోయినదని అది తగ్గదు. కావున రాబడి తగ్గుటవలన కలుగు దెబ్బ ఎంతటిదో నిర్ణయించునది ఎంత రాబడి పోయినదన్న లెక్క ఒక్కటే కాదు. ఆ యింటి ఖర్చులో వంగనిది ఎంత యున్నదన్నది అంతకంటె ముఖ్యము.

ఒకే వీధిలో రెండు కుటుంబములున్నవనుకొనవచ్చును. ఉభయులకును నెలకు 30,000 రూపాయలే రాబడి. మొదటి యింటివారు బండికి, పెండ్లికి, ఇంటి స్థలమునకు చేసిన అప్పులక్రింద నెలకు 11,000 రూపాయలు చెల్లింతురు. తక్కిన 19,000తో ఇల్లు గడచును, మిగులుబాటు లేదు. రెండవ యింటివారు పాత అప్పులన్నియు తీర్చివేసిరి. 20,000తో ఇల్లు గడుపుకొని 10,000 దాచుదురు. ఇచ్చట ఒక వింత కలదు. పొదుపరుల యిల్లే అప్పుల యింటికంటె నెలకు వేయి రూపాయలు ఎక్కువగా తన తిండికి, బట్టకు వెచ్చించుకొనుచున్నది. పొదుపనగా కడుపు మాడ్చుకొనుటయే యనువారు ఈ వేయి రూపాయలను లెక్కలోనికి తీసికొనవలెను.

ఏడాది గడచిన పిమ్మట రెండిండ్లలోను రాబడి సగమై 15,000కు దిగినచో ఏమగును? మొదటి యింట వాయిదాలు పోగా చేతికి మిగులునది 4,000. ఎంత బిగబట్టుకొని 14,000తో గడుపుకొన్నను నెలకు 10,000 తరుగు. ఆ తరుగును కొత్త అప్పు పూడ్చును. కొత్త అప్పునకు కొత్త వాయిదా పుట్టును. రెండవ యింట ఖర్చును 17,000కు తగ్గించుకొన్నచో నెలకు 2,000 మాత్రమే తరుగు. దాచిన 1,20,000 రూపాయలు ఆ తరుగును అయిదేండ్లు పూడ్చగలవు. రాబడి పూర్తిగా నిలిచిపోయినను ఏడు నెలలు ఇల్లు గడచును. ఆ ఏడు నెలలలో మనిషి మరొక పని వెదకుకొనగలడు. దొరికిన మొదటి కూలికే తలయొగ్గవలసిన అగత్యము అతనికుండదు.

ఇది కాగితముమీది లెక్క మాత్రమే కాదు. 1930 ప్రాంతమున కృష్ణా గోదావరి మండలముల రైతులు దీనిని అనుభవమున చవిచూచిరి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టాలో వరిపంట విస్తరించి, ధాన్యము దూరదేశములకు ఎగుమతి కాసాగెను. భూముల విలువ పెరిగెను. పెరిగిన విలువను చూపి అప్పులు తెచ్చుట సులభమయ్యెను. భూమి కొనుటకు అప్పు, ఇల్లు కట్టుటకు అప్పు, పెండ్లికి అప్పు, వ్యాజ్యమునకు అప్పు. ధర బాగుగా నున్నంతకాలము ఆ అప్పులు బరువనిపించలేదు.

1929లో అమెరికాలో మొదలైన ఆర్థికమాంద్యము ఆ ధరను దెబ్బకొట్టెను. కొలదియేండ్లలోనే ధాన్యపు ధర సగమునకు దరిదాపుగా పడిపోయినది. రైతు పండించునది ధాన్యము, తీర్చవలసినది రూపాయలు. బస్తా 6 రూపాయలున్ననాడు 600 రూపాయలు అప్పు తెచ్చినవాడు నూరు బస్తాలు అప్పుపడినట్లు లెక్క. బస్తా 3 రూపాయలకు దిగిననాడు అదే అప్పు రెండువందల బస్తాలగును. ఒక్క రూపాయి కొత్తగా తీసికొనకయే అప్పు రెట్టింపయ్యెనన్నమాట, వడ్డీ అదనము. అప్పులేని రైతుకును ధర పడిపోయినది. కాని అతని గాదెలోని ధాన్యము అతనిదే. అమ్ముడుపోకున్నను ఇంటిల్లిపాదికి అన్నమగును.

మదరాసు రాజధానిలోని గ్రామీణ ఋణభారము 150 కోట్ల రూపాయలుండునని 1930లో బ్యాంకింగు విచారణ సంఘము అంచనా వేసెను. 1935లో సత్యనాథన్ నివేదిక దానిని 200 కోట్లుగా లెక్కించినది. ఎల్లరును ఒక్కమారుగా అప్పులు తీర్చుటకై ఉన్నది తెగనమ్ముకొనిన ధరలు మరింత పడిపోవుననియు, తీర్చినకొలది మిగిలిన అప్పు బరువెక్కుననియు అమెరికా ఆర్థికశాస్త్రవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1933లో సిద్ధాంతీకరించెను. దీనినుండి గృహస్థు గ్రహింపదగిన నీతి ఒక్కటే: అప్పు తీర్చుటకు తగిన కాలము కష్టకాలము కాదు, కలిమి కాలము. గట్టు వేయవలసినది వరదకు ముందు.

ప్రభుత్వము తుదకు కలుగజేసికొనవలసివచ్చెను. రాజగోపాలాచారి మంత్రివర్గము 1938లో మదరాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును తెచ్చినది. 1932 అక్టోబరు 1వ తేదీకి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1వ తేదీనాటికి నిలిచియున్న వడ్డీ రద్దయినది. అసలుకు రెట్టింపు అంతకుముందే చెల్లించియున్నచో ఆ అప్పు తీరినట్లే యని చట్టము ప్రకటించినది. వేలకొలది కుటుంబములకు ఇది ఊపిరిపోసిన మాట నిజము. కాని మాంద్యము ఆరంభమైన తొమ్మిదేండ్లకు చట్టము వచ్చినది. నడుమ చేజారిన భూములను చట్టము తిరిగి తేలేదు.

రెండవ ప్రపంచయుద్ధముతో ధరలు మరల పెరిగినవి. ఈమారు అనేకులు తెలివి తెచ్చుకొని, వచ్చిన సొమ్ముతో ముందుగా అప్పులు తీర్చుకొనిరి. 1939లో సుమారు 272 కోట్లుగా నున్న రాజధాని గ్రామీణ ఋణము 1945 నాటికి 218 కోట్లకు దిగినదని 1946లో బి.వి. నారాయణస్వామినాయుడు నివేదిక తేల్చినది. అయితే ఆ నివేదికయే మరొక సత్యమును కూడ బయటపెట్టినది. అమ్ముకొనుటకు పంట గల పెద్ద రైతుల అప్పు తగ్గినది. కొనుక్కొని తినవలసిన వ్యవసాయ కూలీల అప్పు పెరిగినది. తగ్గించుకొనుటకు ఏమైనను ఉన్నవానికే మితవ్యయము సాధ్యమగును. ఒక్కపూట గంజి త్రాగువానికి పొదుపు బోధించుట న్యాయము కాదు. వానికి కావలసినది చాలినంత కూలి.

అట్టివాని మెడకు అప్పు చుట్టుకొన్నచో పోవునది సొమ్ము మాత్రమే కాదు. తెలంగాణమునందలి భగేలా పద్ధతి దీనికి సాక్ష్యము. ఏ పెండ్లికో చావుకో కొద్దిపాటి సొమ్ము తీసికొన్న కూలివాడు అది తీరువరకు దొర యింట పనిచేయవలెను. అతని చాకిరి వడ్డీక్రింద జమ యగును, అసలు కదలదు, తండ్రి అప్పు కొడుకు నెత్తికి వచ్చును. నిజాము ప్రభుత్వము 1936లో ఈ ఒడంబడికలను అదుపుచేయ శాసనము చేసినను ఆచారము అంతరింపలేదు. దేశమంతటికిని వర్తించు వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వచ్చినది. ఋణము ముదిరినచోట మనిషి రేపటి శ్రమ ఈనాడే అమ్ముడుపోవునని దీనివలన తెలియుచున్నది.

పేదయింట కూడ తగ్గించుకొనదగిన ఖర్చు ఏదైన నున్నదా యన్న ప్రశ్నకు నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తమంత తామే సమాధానము చెప్పిరి. 1992లో వారు తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1న సారా నిషేధమునకు దారితీసినది. సారాకు పోవుచున్న డబ్బులో దినమునకు ఒక్క రూపాయి దాచుకొనుట అటుపిమ్మట నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘములకు మొలకయైనది. దినమునకు రూపాయి చొప్పున ఏడాదికి 365 రూపాయలు ఒక్కరికి స్వల్పమే. పదిహేనుగురు కలసిన అది 5,475 రూపాయలగును. బిడ్డకు జ్వరము వచ్చిననాడు వడ్డీవ్యాపారి గడప త్రొక్కకుండ ఆపుటకు అది చాలును. పూర్వము గృహిణులు వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి వేరుకుండలో వేసెడివారు. ఈ సంఘములది ఆ పిడికెడు బియ్యపు బుద్ధియే.

కాని సంఘములున్నచోటికే సులభముగా దొరకు అప్పులును నడచివచ్చినవి. సూక్ష్మఋణ సంస్థల వాయిదాలు వారమువారము కట్టవలసినవి. వ్యవసాయ కూలి చేతికి సొమ్ము వచ్చుట మాత్రము నాట్ల కాలమునను, కోతల కాలమునను. రాబడికి ఋతువులున్నవి, వాయిదాకు లేవు. ఒక సంస్థ వాయిదా కట్టుటకు మరొక సంస్థవద్ద అప్పు తెచ్చుట పరిపాటియైనది. తుదకు 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అత్యవసర శాసనముతో ఆ వసూళ్లకు కట్టుబాట్లు విధించినది. పొదుపు ముందు నడచి అప్పు వెనుక నడచినంతకాలము సంఘము బలమైయుండెను. క్రమము తారుమారైనచోట అది కూలినది.

పట్టణములలో నెలజీతగాండ్రకు ఈ పాఠము 2020లో అందినది. మహమ్మారి కారణముగా మార్చి 25న దేశమంతట రాకపోకలు స్తంభించినవి. రెండు దినములకు రిజర్వుబ్యాంకు మూడు నెలల వాయిదాలపై విరామమునకు అనుమతించి, పిమ్మట దానిని ఆగస్టు 31 వరకు పొడిగించినది. అనేకులు వాయిదా రద్దయినదని భ్రమపడిరి. ఆగినది చెల్లింపు, వడ్డీ నడచుచునే యుండెను. ఆ కాలపు వడ్డీపై వడ్డీ వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2021 మార్చి 23న తీర్పుచెప్పినది. అసలు వడ్డీని మాత్రము మాఫీ చేయుటకు నిరాకరించినది.

ఇన్ని అనుభవముల సారము గృహస్థునకు మూడు మాటలలో ఇమిడిపోవును. మొదటిది, ఒకటి రెండు నెలల ఖర్చునకు సరిపడు సొమ్ము చేతిలో నుంచుకొనుట. అది లేనివాడు తీర్చిన అప్పునే మరల చేయవలసివచ్చును. రెండవది, మిగిలిన ప్రతి రూపాయితోను అన్నిటికంటె ఎక్కువ వడ్డీ గల అప్పును ముందుగా తీర్చుట. పల్లెలలో నూటికి 2 రూపాయల వడ్డీ యనుమాట తేలికగా వినబడును. ఏడాదికి అది నూటికి 24 రూపాయలు. 10,000 రూపాయలను నూటికి 7 రూపాయల వడ్డీకి బ్యాంకులో దాచినవానికి ఏడాదికి వచ్చునది 700. అంతే అప్పును రెండు రూపాయల వడ్డీతో అట్టేపెట్టుకొన్నచో పోవునది 2,400. దాచుకొన్నానన్న తృప్తి కొరకు అతడు చెల్లించు మూల్యము 1,700 రూపాయలు. మూడవది, అప్పు తీరిననాటినుండి ఆ వాయిదా సొమ్మును కొత్త ఖర్చునకు మళ్లింపక, అదే తేదీన, అదే మొత్తమును తన పేర దాచుకొనుట. అప్పు కట్టుటకు అలవాటుపడిన చేయికి అది కష్టము కాదు.

పిసినారితనమునకును మితవ్యయమునకును భేదము ఇచ్చటనే తెలియును. పిసినారి సొమ్మును కాచుకొనుటకు తన జీవితమును ఖర్చుపెట్టును. మితవ్యయి తన జీవితమును కాచుకొనుటకు సొమ్మును వాడుకొనును. అతడు పప్పన్నము మానుకొనడు. అప్పు చేసి పప్పుకూడు తినుటను మాత్రమే మానుకొనును.

రాబడి తగ్గినవార్త ఏదో ఒకనాడు ప్రతి యింటి తలుపును తట్టక మానదు. అప్పులున్న యింట ఆ రాత్రి మాటలన్నియు ఒకటవ తేదీని గురించియే. అప్పులేని యింట కూడ దిగులుండును. ఐనను వంటింట పొయ్యి వెలుగును. మరునాడు ఏ కూర వండుకొనవలెనో, ఏ పని వెదకవలెనో నెమ్మదిగా ఆలోచించుకొనుటకు వ్యవధియుండును. ధర్మరాజు చెప్పిన కూరాకు వంటలోని రుచి ఆ నెమ్మదియే.