కరెంటు తీగలోనే మెసేజ్.. బోరు మోటార్ ఆన్ చేస్తే సిగ్నల్ ఏమవుతుందో తెలుసా?

కరెంటు వచ్చే తీగ మీదే మెసేజ్ కూడా పంపొచ్చు. దీన్నే పవర్ లైన్ కమ్యూనికేషన్, షార్ట్‌గా పీఎల్‌సీ అంటారు. ఇది కొత్తదేం కాదు. కడప జిల్లా కలమల్ల దగ్గరి ఆర్‌టీపీపీ నుంచి బయల్దేరే 220 కేవీ లాంటి పెద్ద లైన్ల మీద సబ్‌స్టేషన్లు మాట్లాడుకోవడానికి దశాబ్దాల క్రితమే పుట్టిన పద్ధతి ఇది. సబ్‌స్టేషన్‌లో లైన్‌కు వేలాడే పీపా లాంటి కాయిల్ చూశారా? అదే వేవ్ ట్రాప్. 50 హెర్ట్జ్ కరెంటును వదిలేసి, కిలోహెర్ట్జ్‌లలో ఉండే సిగ్నల్‌ను మాత్రం పక్కదారి పట్టకుండా ఆపుతుంది.

మరి పొలాల్లో బోరు మీటర్ల రీడింగ్ కూడా ఇలాగే తెప్పించుకోవచ్చుగా? అక్కడే ఉంది చిక్కంతా.

పెద్ద లైన్‌కు దాదాపు రెండు చివరలే. కర్నూలు, కడప పల్లెల్లో బోర్లకు వెళ్లే లైన్ అలా కాదు, చెట్టులా కొమ్మలు కొమ్మలుగా చీలిపోతుంది. సిగ్నల్ ప్రతి కొమ్మలోకీ దూరి, చివర తగిలి వెనక్కి వస్తుంది. బావిలో కేకేస్తే ప్రతిధ్వని వచ్చినట్టే. జిమ్మర్‌మన్, డోస్టర్ట్ అనే జర్మన్ పరిశోధకులు 2002లో ప్రచురించిన మల్టీపాత్ మోడల్ ఈ ప్రతిధ్వనులన్నింటినీ కూడి లెక్కగడుతుంది. ఏది ఎంత ఆలస్యంగా వచ్చింది, దారిలో ఎంత నీరసించింది అన్నదే ఆ లెక్క.

ఒక ఉదాహరణ చూద్దాం. 500 మీటర్ల కొమ్మ, చివర మోటార్ ఆఫ్‌లో ఉందనుకోండి. సుమారు 150 కిలోహెర్ట్జ్ దగ్గర ప్రతిధ్వని ఎదురొచ్చి అసలు సిగ్నల్‌ను మింగేస్తుంది. మోటార్ ఆన్ చేశారా, ఆ గుంట ఇంకో ఫ్రీక్వెన్సీకి జరిగిపోతుంది! ఇక వోల్టేజ్ నిలబడాలని మోటార్‌కు పెట్టే కెపాసిటర్ ఉంది చూడండి.. రైతుకు మేలే కానీ, సిగ్నల్‌కు మాత్రం అది చిల్లు కుండ. స్టార్టర్లు, అరిగిన కనెక్షన్ల నుంచి వచ్చే గరగర దీనికి అదనం.

ఇటలీలో ఎనెల్ కంపెనీ 2001 నుంచి 3 కోట్లకు పైగా ఇళ్ల మీటర్లను ఈ పద్ధతిలోనే నడిపింది. అక్కడ ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ కింద చాలా ఇళ్లుంటాయి. మన దగ్గర హెచ్‌వీడీఎస్‌లో చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు రెండు మూడు బోర్లే. సిగ్నల్ ట్రాన్స్‌ఫార్మర్ దాటడం కష్టం కాబట్టి ప్రతిదానికీ ఒక రిసీవర్ బాక్స్ పెట్టాలి. ఆ ఖర్చు గిట్టుబాటు కాదు. అందుకే దేశంలో స్మార్ట్ మీటర్లకు ఎక్కువగా సిమ్ లేదా రేడియో వాడుతున్నారు.

ఒకవేళ ఏ ఫీడర్ మీదైనా పీఎల్‌సీ పెట్టాలనుకుంటే, టెస్టింగ్ ఒక్కసారి చేస్తే చాలదు. పగలు మోటార్లన్నీ తిరుగుతున్నప్పుడు ఒకసారి, రాత్రి అన్నీ ఆగాక ఇంకోసారి కొలవాల్సిందే.