కృష్ణా డెల్టా వ్యవహారంలో ‘సెంటర్’: అర్థవిపరిణామం

‘సెంటర్’ అనగానే కేంద్రం, మధ్యభాగం అన్న అర్థాలు ముందుగా స్ఫురిస్తాయి. విజయవాడ వ్యవహారంలో మాత్రం ఈ అన్యదేశ్యానికి ప్రధానార్థం కూడలి. లెనిన్ సెంటర్‌ను ‘లెనిన్ కేంద్రం’ అని అనువదిస్తే ఏదో అధ్యయన సంస్థ గుర్తుకు వస్తుంది తప్ప, పాత పుస్తకాల దుకాణాలకు పేరుపొందిన కూడలి గుర్తుకు రాదు.

ఈ ప్రయోగంలో ‘మధ్య’ అన్న భావం దాదాపు లోపించింది. డెల్టా గ్రామాలలో బస్సు ఆగేచోట టీకొట్టు, కిళ్లీకొట్టు వెలిస్తే అదే సెంటర్. అది ఊరి పొలిమేరలో ఉన్నా పేరు మారదు. అక్కడ మూడు రోడ్లే కలిసినా అభ్యంతరం లేదు. జనం చేరడమే ఇక్కడ అర్థనిర్ణాయకం. “సెంటర్లో కనబడ్డాడు” అంటే నలుగురి కంటా పడ్డాడనే ధ్వని కూడా ఉంది. తెలంగాణలో ఈ స్థానాన్ని ఎక్కువగా ‘చౌరస్తా’ ఆక్రమించింది.

జిరాక్స్ సెంటర్, కోచింగ్ సెంటర్ అన్నప్పుడు అర్థం సేవ లభించే చోటు. ‘పరీక్షా కేంద్రం’ చెల్లుతుంది. ‘జిరాక్స్ కేంద్రం’ చెల్లదు. సినిమా వ్యాపారంలోని ఎ, బి, సి సెంటర్లు ఊళ్ల స్థాయిని తెలుపుతాయి. కాబట్టి తెలుగు నిఘంటువులో ‘సెంటర్’కు ‘కేంద్రం’ అన్న ఒక్క సమానార్థకం చాలదు. కూడలి అన్న అర్థాన్ని ప్రాంతసూచనతో విడిగా చూపాలి.

‘కేంద్రం’ మనది, ‘సెంటర్’ పరాయిది అన్న విభజన కూడా నిలవదు. రెండింటికీ మూలం గ్రీకు ‘కెంట్రాన్’. ఒకటి జ్యోతిషం ద్వారా సంస్కృతంలో చేరి తెలుగుకు వచ్చింది. మరొకటి లాటిన్, ఫ్రెంచి, ఆంగ్లాల మీదుగా చాలా ఆలస్యంగా వచ్చింది.