సౌండ్‌కార్డు మొదలు చెవి వఱకు

గదిలో స్పీకర్లనుండి వచ్చు సంగీతమునందు గోడల ప్రతిధ్వనియు, ఫ్యాను సవ్వడియు, వీధిలోని అలజడియు కలిసిపోవుటచే యంత్రముయొక్క లోపములు చాలవఱకు మఱుగుపడును. హెడ్‌ఫోన్లు ధరించి వినువానికి ఆ మఱుగు లేదు. వీణ మీటిన పిమ్మట స్వరము సన్నగిల్లి సన్నగిల్లి నిశ్శబ్దమున లీనమగు చివరి క్షణమునందు, వెనుక నెక్కడనో సన్నని బుసయు, మౌసు కదలించినపుడెల్ల చిటపటయు, తెరపై బొమ్మలు వడిగా మాఱునపుడు కీచుమను ధ్వనియు వినవచ్చినచో, ఆ అపరాధము చాలసార్లు కంప్యూటరు గర్భమున నున్న సౌండ్‌కార్డుదే. ఆ కార్డును స్వహస్తములతో సంస్కరించి, అల్పవ్యయముతో ఉత్తమశ్రవణమును సాధింప బూనిన ఔత్సాహికులు గడచిన పాతికేండ్లలో అనేక దేశములయందు బయలుదేఱిరి. వారి కృషిలో ఏది సారమో, ఏది భ్రమయో తెలిసికొనుట సంగీతప్రియుల కెల్ల ప్రయోజనకరము.

సౌండ్‌కార్డు చేయు పనిని చెప్పుట సులభము. కాంపాక్టు డిస్కుపై సంగీతము సెకనుకు 44,100 చొప్పున, ఒక్కొక్కటి 16 బిట్ల సంఖ్యలుగా నిక్షిప్తమై యుండును. కార్డుమీది డాక్ అను చిప్పు ఈ సంఖ్యలను విద్యుత్తరంగముగా మార్చును. ఆప్-ఆంప్ అను ఎనిమిది కాళ్ల చిన్న చిప్పు ఆ తరంగమును శుభ్రపఱచి బలపఱచును. అటుపిమ్మట అది పెక్కు కార్డులలో నొక కెపాసిటరు గుండ సాగి జాక్‌ను చేరును. సింగపూరునకు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో సౌండ్ బ్లాస్టరును వెలువరించినపుడు ఆటలలోని చప్పుళ్లును మాటలును వినబడుటయే ఘనతగా నుండెను. 1997లో ఇంటెల్ సంస్థ ఏసీ-97 ప్రమాణమును ప్రకటించిన తరువాత సౌండు చిప్పు మదర్‌బోర్డు మీదికే చేరి చౌక యయ్యెను గాని, ఆ ప్రమాణమునకు 48 కిలోహెర్ట్జ్ మూలవేగ మగుటచే, 44.1 కిలోహెర్ట్జ్ వేగము గల డిస్కు సంగీతమును నడుమ నొకసారి మార్పవలసి వచ్చెను. 1998 నాటి సౌండ్ బ్లాస్టర్ లైవ్ సైతము సమస్తమును 48 కిలోహెర్ట్జ్‌కు మార్చియే వినిపించెడిది. ఇది చిప్పు పుట్టుకతో వచ్చిన గుణము. టంకము పెట్టి దీనిని మాన్పలేము. కావుననే విజ్ఞులు ముందుగా ఇట్టి మార్పు చేయని కార్డును వెదకికొని, ఆ మీదనే పనిముట్లు చేపట్టుచుండిరి.

కంప్యూటరు పెట్టె సంగీతమునకు అనువైన చోటు కాదు. సంతవీధి నడుమ తంబుర శ్రుతి చేసికొనువాని పాటువంటిది సౌండ్‌కార్డు పాటు. సెకనుకు వేలసార్లు ఆగి సాగు విద్యుత్తును సరఫరా చేయు ఎస్సెమ్పీఎస్సును, క్షణక్షణమును కరెంటు మెలికలు త్రిప్పు గ్రాఫిక్సు కార్డును దాని ప్రక్కనే యుండును. పాత పీసీఐ స్లాటునందు ధన 12, ఋణ 12 వోల్టులు రెండును లభించెడివి. తరువాత వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటునుండి ఋణ వోల్టేజి తొలగింపబడెను గనుక, ఆప్-ఆంప్‌లకు వలయు ఆ రెండవ సగమును కార్డే తయారు చేసికొనవలసి వచ్చెను. తైవాన్ దేశపు ఆసుస్ సంస్థ 2009 ప్రాంతమున తెచ్చిన జోనార్ ఎసెన్స్ ఎస్‌టీఎక్స్ అను కార్డు ఈ చిక్కులను గుర్తించి రూపొందినది. అది డిస్కు డ్రైవులకు పోవు నాలుగు పిన్నుల తీగనుండి వేఱుగా విద్యుత్తు గ్రహించును. సంగీతభాగమునకు లోహపు కవచము తొడుగబడినది. 600 ఓముల హెడ్‌ఫోన్లనైనను నడపగల వర్ధకము దానిలోనే కలదు. అన్నిటికంటె విశేషము, దాని మూడు ఆప్-ఆంప్‌లును టంకముతో అతుకబడక సాకెట్లలో కూర్చుండి యుండుట. ఇష్టమైన చిప్పును కొని, పాతదానిని ఊడబెఱికి, క్రొత్తదానిని నొక్కిన చాలును. ఈ సౌకర్యమే ఎందఱినో ఈ విద్యలోనికి దింపెను.

అయితే భ్రమ మొదలైనదియు ఇచ్చటనే. ఆ మూడింటిలో రెండు చిప్పులు డాక్ నుండి వచ్చు కరెంటును వోల్టేజిగా మార్చునవి, మూడవది ఆ వోల్టేజిని ముందునకు అందించు బఫరు. ఈ బఫరు వెలుపలి వర్ధకమునకు పోవు లైన్-ఔట్ మార్గముననే యున్నది, హెడ్‌ఫోను మార్గమున లేదు. కావున దానిని మార్చి హెడ్‌ఫోన్లలో గాత్రము తేటపడినదని సంతసించువాడు తన ఆశనే వినుచున్నాడు. 1970ల చివర పుట్టిన ఎన్ఈ-5532 అను చౌక చిప్పు లెక్కలేనన్ని రికార్డింగు స్టూడియోల మిక్సర్లలో పనిచేసినది. మనము నేడు ప్రేమతో వినుచున్న పాటలలో ఎన్నియో అట్టి చిప్పుల గుండ ప్రవహించియే వచ్చినవి. అందుచే ధర పదిరెట్లయిన చిప్పు మాధుర్యమును పదిరెట్లు చేయునని నమ్మరాదు. పైగా అతివేగము గల చిప్పును దానికి తగని బోర్డులో నిలిపినచో, అది చెవికందని పౌనఃపున్యమున తనలో తానే కంపించి వేడెక్కును. సరఫరా కాళ్లకు ఆనుకొని 0.1 మైక్రోఫారడు కెపాసిటరు నుంచుట దీనికి విరుగుడు. ఖరీదైన చిప్పుల పేర్లు ముద్రించిన నకిలీలు బజారున విస్తారము. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో గాని, చెన్నపట్టణపు రిచీ స్ట్రీటులో గాని కొనువారు నమ్మకమైన దుకాణమును ఎంచుకొనవలెను.

నా దృష్టిలో అసలు మేలు కెపాసిటరులో నున్నది. చౌక కార్డులు జాక్‌కు ముందు ఏకముఖ విద్యుత్తును ఆపుటకై ఒక కెపాసిటరు నుంచును. అది హెడ్‌ఫోన్‌తో కలిసి మంద్రధ్వనులను కొంత మేర మ్రింగివేయును. ఏ మేరకో ఎవరైనను లెక్కింపవచ్చును: 1,59,155 అను సంఖ్యను హెడ్‌ఫోను ఓములచేతను, కెపాసిటరు మైక్రోఫారడులచేతను వరుసగా భాగింపగా వచ్చు హెర్ట్జుల యొద్ద శక్తి సగమై, అంతకు దిగువ మఱింత క్షీణించును. 10 మైక్రోఫారడుల కెపాసిటరు గల లైన్-ఔట్‌ను 10,000 ఓముల వర్ధకమునకు కలిపినచో ఈ హద్దు 1.6 హెర్ట్జ్ మాత్రమే, ఏ లోపమును తెలియదు. ఆ జాక్‌కే 32 ఓముల హెడ్‌ఫోన్లు తగిలించినచో హద్దు 497 హెర్ట్జులకు ఎగబ్రాకును! మృదంగపు ఎడమవైపు గంభీరనాదమును, తంబుర నిండుదనమును ఆవిరియై, డొల్లగా రేకుడబ్బా ధ్వని మిగులును. 220 మైక్రోఫారడులది వేసినచో హద్దు 23 హెర్ట్జులకు దిగివచ్చును. కొద్దిపాటి రూపాయల వస్తువు చేయు ఈ ఉపకారమునకు ఏ ఆప్-ఆంప్ సాటిరాదు. ధన ఋణ కాళ్ల దిశ పాతదానివలెనే ఉండవలెను. 16 వోల్టులకు తగ్గని రకము మంచిది.

కాని కెపాసిటరు పెంచినంతమాత్రమున, లైన్-ఔట్‌కు మాత్రమే ఉద్దేశింపబడిన చిప్పునకు హెడ్‌ఫోన్లను మోయు బలము రాదు. ఇంకొక లోపము గూడ గలదు. కొన్ని కార్డులలో రక్షణకై జాక్‌తో వరుసలో నిరోధ ముండును. అది 100 ఓములని అనుకొందము. హెడ్‌ఫోను అవరోధము అన్ని స్వరములకును సమానముగా నుండదు. మధ్యస్థాయిలో 32 ఓములున్నది మంద్రమున 64కు పెరిగినచో, అచ్చట ధ్వని 4 డెసిబెల్స్ అధికమై, మృదంగము ఉబ్బిపోయి గాత్రమును కప్పివేయును. నిరోధము 2 ఓములైనచో ఈ వ్యత్యాసము పావు డెసిబెలు. మూలమైన కార్డు వైపు అవరోధము హెడ్‌ఫోను అవరోధములో ఎనిమిదవ వంతును మించరాదని అనుభవజ్ఞులు చెప్పు సూత్రము ఇందుకే పుట్టినది. ఆ నిరోధమును పెఱికివేయుటకంటె, లైన్-ఔట్ తరువాత చిన్న హెడ్‌ఫోను వర్ధకమును చేర్చుట క్షేమము. చూ మోయ్ అను ఔత్సాహికుడు 1998లో ప్రకటించిన చిన్న వలయము ఒక ఆప్-ఆంప్‌తో, 9 వోల్టుల బ్యాటరీతో, పిప్పరమెంటు డబ్బాలో ఇమిడిపోవును. బ్యాటరీపై నడచుటచే ఎస్సెమ్పీఎస్సు రొద దానికి కొత్తగా అంటదు. 2011లో పేరు దాచుకొన్న ఒక ఇంజినీరు ఓ-2 అను వర్ధకమును రూపొందించి, సర్వులకును ఉచితముగా నొసగి, ఖరీదైన చిప్పులు లేకయే, కొలతల బలముతోనే మేటి ఫలితము సాధింపవచ్చునని నిరూపించెను. ఆ మహోపకారమును సంగీతప్రియులు మఱవరాదు.

ఏ మార్పు చేసినను ఒక్కసారికి ఒక్కటియే చేయవలెను. కొంచెము బిగ్గఱగా మ్రోగినదే చెవికి మెఱుగని తోచుట మనుష్యస్వభావము గనుక, రెండింటి ధ్వనిని సమానము చేసి, ఏది యేదో తెలియకుండ ఇంకొకరిచేత మార్పించి వినుట న్యాయము. కార్డు ఔట్‌ను దాని లైన్-ఇన్‌కే తీగతో కలిపి కొలుచు రైట్‌మార్క్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో మార్పుకు పూర్వమును, పరమును కొలిచి వ్రాసి పెట్టుకొనవలెను.

నేడు పెట్టెకు వెలుపల యూఎస్‌బీకి తగిలించు డాక్‌లు చౌకయై, ఈ సంత రొదకు చాలవఱకు దూరముగా నుండి పనిచేయుచున్నవి. సంగీతము వినుటయే కోరువారికి అదియే రాజమార్గమని నిస్సంశయముగా చెప్పుదును. ఇంట మూలబడిన పాత కార్డు కలవారును, అది ఎట్లు పనిచేయునో ఎఱుగ గోరువారును దానిని తప్పక విప్పిచూడవలెను. ముందు పనికిరాని మదర్‌బోర్డుపై కెపాసిటర్లు విప్పి అతుకుట 25 వాట్ల సోల్డరింగు ఐరనుతో అభ్యసింపుడు. ప్లగ్గు తీసి, పవరు బటనును ఒకసారి నొక్కి, పెట్టె లోహమును తాకిన పిమ్మటనే కార్డును ముట్టుడు. ఎస్సెమ్పీఎస్సు డబ్బాను మాత్రము ఎన్నడును విప్పకుడు. ప్లగ్గు తీసిన తరువాతను దానిలోని కెపాసిటర్లయందు 300 వోల్టులకు మించిన విద్యుత్తు నిలిచి యుండవచ్చును.