పాత కంప్యూటర్లకు కేబుల్ కలిపినా ఫైళ్లు కదలడం లేదా?
లోపం ఎక్కడుందో వరుసగా చూసుకుంటే పరిష్కారం సులభం

డీటీపీ కేంద్రాల్లో, చిన్న దుకాణాల్లో, ఇళ్లలో విండోస్ 98 కాలం నాటి కంప్యూటర్లు ఇప్పటికీ అక్కడక్కడా మూలన కనిపిస్తుంటాయి. వాటిలో ఏళ్ల తరబడి కూడబెట్టిన లెక్కలు, పెళ్లిపత్రికలు, పుస్తకాల పేజీలు ఉండవచ్చు. హార్డ్‌డిస్క్ ఒక్కసారి మొరాయిస్తే అవన్నీ పోయినట్లే. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ మాత్రమే. విండోస్ 98లో పెన్‌డ్రైవ్ పనిచేయాలంటే దానికి తగిన డ్రైవర్ విడిగా వేయవలసి ఉంటుంది. అందువల్ల ఆ కంప్యూటర్‌ను విండోస్ ఎక్స్‌పీ ఉన్న మరో కంప్యూటర్‌కు నేరుగా కేబుల్‌తో కలపడం మేలైన మార్గం. అయితే కేబుల్ కలిపినంత మాత్రాన ఫైళ్లు రావు. లోపాన్ని కింది వరుసలో వెతకాలి.

ఏ కేబుల్ వాడాలి?
లాన్ కార్డు లేని యంత్రాల్లో సీరియల్ పోర్టు ద్వారా 'డైరెక్ట్ కేబుల్ కనెక్షన్' పెట్టుకోవచ్చు. దీనికి నల్ మోడెమ్ కేబుల్ కావాలి. ఒక యంత్రాన్ని హోస్ట్‌గా, రెండోదాన్ని గెస్ట్‌గా ఎంచుకోవాలి. దీని గరిష్ఠ వేగం సెకనుకు 1,15,200 బిట్లు. ఆ లెక్కన 100 ఎంబీ చేరడానికి సుమారు రెండున్నర గంటలు పడుతుంది. లాన్ కార్డులు ఉన్నట్లయితే అదే పని నిమిషాల్లో ముగుస్తుంది.

లైటు వెలగకపోతే..
కేబుల్ బిగించి, రెండు యంత్రాలూ ఆన్ చేశాక లాన్ కార్డు వెనుక లైటు వెలగాలి. వెలగకుంటే ముందుగా కేబుల్‌నే అనుమానించాలి. హబ్‌కు, స్విచ్‌కు వాడే మామూలు కేబుల్‌తో రెండు పాత కార్డులను నేరుగా కలిపితే పనిచేయదు. ఒక కార్డు పంపే తీగ రెండో కార్డు అందుకునే తీగకు చేరాలి. ఇందుకోసం ఒక చివర 1, 2 పిన్నులకు వచ్చిన తీగలు రెండో చివర 3, 6 పిన్నులకు వెళ్లేలా బిగించాలి. దీన్నే క్రాస్ఓవర్ కేబుల్ అంటారు. గిగాబిట్ కార్డులు చాలావరకు ఈ మార్పును తామే చేసుకుంటాయి. కాబట్టి ఒకవైపు కొత్త కార్డు ఉంటే మామూలు కేబుల్ కూడా పనిచేయవచ్చు.

చిరునామాలు సరిచూడాలి
రెండు యంత్రాలకూ ఐపీ అడ్రస్‌లు చేతితో ఇవ్వడం మంచిది. ఒకదానికి 192.168.0.1, రెండోదానికి 192.168.0.2 ఇచ్చి, సబ్‌నెట్ మాస్క్ రెండింటిలోనూ 255.255.255.0గా ఉంచాలి. అనంతరం ఎక్స్‌పీ యంత్రం నుంచి 98 యంత్రాన్ని పింగ్ చేయాలి. జవాబు వస్తే కేబుల్, కార్డు, చిరునామాలు సక్రమంగా ఉన్నట్లే. 98 నుంచి ఎక్స్‌పీకి పింగ్ అందకపోయినా కంగారు పడనవసరం లేదు. 2004లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 నుంచి ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ దానంతటదే ఆన్‌లో ఉంటుంది. అందులో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌కు అనుమతి ఇస్తే సరిపోతుంది.

పింగ్ వచ్చినా ఫోల్డర్ కనిపించకపోతే..
రెండింటి వర్క్‌గ్రూప్ పేరు ఒకటే ఉండాలి. కంప్యూటర్ పేర్లు మాత్రం వేర్వేరుగా, 15 అక్షరాలకు మించకుండా ఉండాలి. 98లో ఫైల్ షేరింగ్ సర్వీసును చేర్చి, కావలసిన ఫోల్డర్‌ను షేర్ చేయాలి. 98 మొదలయ్యేటప్పుడు పాస్‌వర్డ్ అడిగే పెట్టెను చాలామంది ఎస్కేప్ కొట్టి దాటవేస్తారు. అలా చేస్తే ఆ యంత్రం నుంచి నెట్‌వర్క్‌ను చూడటం కుదరదు. పేరు ఇచ్చి, ఓకే నొక్కి లోపలికి వెళ్లాలి. అప్పటికీ జాబితాలో పేరు కనిపించకుంటే ఎక్స్‌పీలోని రన్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు, వాటి వెంట 98 యంత్రం పేరు టైప్ చేసి చూడాలి.

నేరుగా కొత్త కంప్యూటర్‌కు కలపవచ్చా?
కలిపినా ఫైళ్లు అందకపోవచ్చు. పాత విండోస్ వాడే ఎస్ఎంబీ 1 పద్ధతిని 2017 నుంచి వచ్చిన విండోస్ 10 కూర్పుల్లో ముందుగా అమర్చి ఇవ్వడం లేదు. భద్రత దృష్ట్యా దాన్ని తిరిగి తెరవడం మంచిది కాదు. 98 నుంచి ఎక్స్‌పీకి, అక్కడి నుంచి పెన్‌డ్రైవ్‌లో కొత్త యంత్రానికి చేర్చడమే క్షేమం.

ఫాంట్లు మరువరాదు
అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన తెలుగు ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు. ఫైలు ఒక్కటే తెచ్చుకుంటే తెలుగుకు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ఫాంట్ల ఫోల్డర్‌ను కూడా వెంట తెచ్చుకోవాలి.

జాగ్రత్తలు
* విండోస్ 98కు 2006లో, ఎక్స్‌పీకి 2014లో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. కాబట్టి పని జరుగుతున్నంతసేపూ రెండింటినీ ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచాలి.
* పాత డిస్క్ ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. అత్యవసరమైన ఫైళ్లను ముందుగా కాపీ చేయాలి.
* కాపీ అయిన ఫైళ్లను తెరిచి చూసి, మరోచోట ఇంకొక ప్రతి దాచిన తరువాతే పాత యంత్రాన్ని వదిలించుకోవాలి.